అమెరికా ఎన్ని గంటల దూరం?



మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల మన సంఘాల్లో చాలా ఇళ్ళ నుంచి ఒక బిడ్డ అమెరికాలోనో, ఇంగ్లండులోనో, గల్ఫ్‌లోనో ఉంటున్నారు. కూతురు పురుటికని, మనవడి మొదటి పుట్టినరోజుకని, కొడుకు కొత్త ఇల్లు కొన్నాడని పెద్దవాళ్ళు విమానం ఎక్కుతున్నారు. ఎక్కేముందు వాళ్ళు అడిగేది ఒకే ప్రశ్న: "ఎన్ని గంటల ప్రయాణం?" పిల్లలు టికెట్టు చూసి జవాబు చెబుతారు. దుబాయి నాలుగు గంటలు. లండన్ పది గంటలు. షికాగో అయితే ఇక్కడి నుంచి దుబాయికి నాలుగు, అక్కడి నుంచి ఇంకో పదిహేను.

టికెట్టు మీద ఉన్న లెక్క అబద్ధం కాదు. కాని అది విమానం లెక్క. మనిషి ఒంటి లెక్క వేరు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇంతే: పెద్దవాళ్ళ ప్రయాణాన్ని ఇంటి గడప నుంచి ఇంటి గడప దాకా లెక్కపెట్టాలి. ఆ లెక్కను ప్రయాణం చేసేవారి ఆరోగ్యంతో సరిచూడాలి. అదీ టికెట్టు కొనక ముందే జరగాలి. ఇప్పుడు చాలా ఇళ్ళలో టికెట్టు కొన్న తర్వాత, పెట్టెలు సర్దిన తర్వాత, ప్రయాణం రేపనగా డాక్టరు దగ్గరకు వస్తున్నారు. అప్పుడు డాక్టరు వద్దనలేరు, వద్దన్నా ఎవరూ వినలేరు.

గడప నుంచి గడపకు

2008 మార్చి దాకా మన విమానాశ్రయం బేగంపేటలో ఉండేది. మేడ్చల్ నుంచి ఒకే రోడ్డు, దగ్గర దారి. ఆ నెలలో విమానాలు శంషాబాద్‌కు మారాయి. మనం నగరానికి ఉత్తరాన ఉన్నాం, శంషాబాద్ దక్షిణాన ఉంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద పటాన్‌చెరు వైపు నుంచి తిరిగినా, ఘట్‌కేసర్ వైపు నుంచి తిరిగినా 60 నుంచి 80 కిలోమీటర్లు. గంట నుంచి గంటన్నర కారులో కూర్చోవాలి.

ఇప్పుడు షికాగో లెక్క వేద్దాం. ఇంటి నుంచి విమానాశ్రయానికి గంటన్నర. అక్కడ మూడు గంటలు ముందుగా ఉండాలి. దుబాయికి నాలుగు గంటలు. అక్కడ రెండో విమానం కోసం నాలుగు గంటలు ఆగుదాం అనుకోండి. షికాగోకి పదిహేను గంటలు. దిగిన తర్వాత ఇమిగ్రేషన్ వరుస, సామాను, రెండు గంటలు. అక్కడి నుంచి కొడుకు ఇంటికి కారులో గంట. మొత్తం 30 గంటలు దాటింది. ఇందులో విమానం గాలిలో ఉన్నది 19 గంటలే. ప్రయాణానికి ముందు రాత్రి పెట్టెలు తూకం వేస్తూ నిద్ర పోకపోతే, మన పెద్దమ్మ ఒకటిన్నర రోజు పైగా పడుకోకుండా ఉన్నట్టు లెక్క.

గల్ఫ్ వెళ్ళేవారి లెక్క ఇంకో రకం. మన రెండు ఊళ్ళూ రెండు పెద్ద దారుల మీద ఉన్నాయి. మేడ్చల్ మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి నిజామాబాద్ వైపు వెళుతుంది. శామీర్‌పేట మీదుగా పోయే రాజీవ్ రహదారి సిద్దిపేట, కరీంనగర్ వైపు వెళుతుంది. గల్ఫ్‌లో కూలి చేసి వచ్చే ఉత్తర తెలంగాణ అన్నదమ్ములు ఎంతోమంది ఈ రెండు దారుల మీదనే ఇళ్ళకు చేరుకుంటారు. దుబాయి నుంచి విమానం నాలుగు గంటల లోపే. కాని శంషాబాద్ నుంచి కరీంనగర్ అవతలి పల్లె చేరడానికి రోడ్డు మీదనే నాలుగైదు గంటలు పడుతుంది. రాత్రి డ్యూటీ దిగి, విమానాశ్రయంలో కూర్చుని, విమానంలో కూర్చుని, మళ్ళీ నిండిన వ్యానులో మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఇల్లు చేరుతారు. వారిని దగ్గరి ప్రయాణం చేసినవారని అందామా?

కూర్చోవడమే కష్టం

మన కాళ్ళలోని రక్తం పైకి గుండెకు చేరాలంటే పిక్కల కండరాలు పని చేయాలి. నడిచినప్పుడు అవి సిరలను పిండి రక్తాన్ని పైకి నెడతాయి. గంటల తరబడి కదలకుండా కూర్చుంటే రక్తం కాళ్ళలో నిలుస్తుంది, పాదాలు వాస్తాయి, కొందరిలో లోపలి సిరలో గడ్డ కడుతుంది. ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం.

దీనికి ఒకప్పుడు "ఎకానమీ క్లాస్ జబ్బు" అని పేరు పెట్టారు. ఆ పేరు సరికాదు. ఖరీదైన సీట్లో కూర్చున్నా కదలకపోతే అంతే. రైలులో, బస్సులో, కారులో కూర్చున్నా అంతే. 1940లో లండన్ మీద బాంబులు పడుతున్న రోజుల్లో జనం రాత్రంతా భూగర్భ ఆశ్రయాల్లో మడత కుర్చీల్లో కూర్చునేవారు. అలా కూర్చున్నవారిలో కొందరు ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డ చేరి చనిపోతున్నారని కీత్ సింప్సన్ అనే డాక్టరు ఆ ఏడాదే లాన్సెట్ వైద్య పత్రికలో రాశారు. ఆ కుర్చీ ముందు కర్ర తొడల కింద నొక్కుకోవడం కూడా ఒక కారణమన్నారు. అక్కడ విమానమే లేదు, కుర్చీ మాత్రమే ఉంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ఈ విషయమై తన పరిశోధన ఫలితాలను ప్రకటించింది. నాలుగు గంటలు లేక అంతకు మించి కదలకుండా ప్రయాణం చేస్తే గడ్డ కట్టే ప్రమాదం సుమారు రెండింతలు అవుతుందని తేలింది. అయినా భయపడవలసిన అంకె కాదు. ఆరోగ్యంగా ఉన్నవారిలో అలాంటి ప్రయాణం చేసిన 6,000 మందిలో ఒకరికి మాత్రమే వచ్చే ప్రమాదం అది. కొద్ది రోజుల్లోనే మళ్ళీ మళ్ళీ ప్రయాణం చేస్తే ప్రమాదం పెరుగుతుంది. లావుగా ఉన్నవారికి, గర్భనిరోధక మాత్రలు వాడేవారికి, చాలా పొడవు ఉన్నవారికి, పొట్టివారికి ఎక్కువ. పొట్టి అంటే ఐదడుగుల మూడంగుళాల లోపు. మన అమ్మమ్మలు, నాయనమ్మలు చాలామంది ఈ లెక్కలోకే వస్తారు. పాదాలు నేలకు ఆనక సీటు అంచు మోకాలి వెనుక నొక్కుతుంది. కాళ్ళ కింద చిన్న సంచి పెట్టుకుంటే ఆ ఒత్తిడి తగ్గుతుంది. దీనికి ఖర్చు లేదు.

ఇటీవల పెద్ద ఆపరేషన్ అయినవారికి, క్యాన్సర్ చికిత్స తీసుకుంటున్నవారికి, గర్భిణులకు, బాలింతలకు, ఇంతకు ముందు కాలిలో గడ్డ కట్టినవారికి ప్రమాదం ఇంకా ఎక్కువ. వీరు డాక్టరును అడగకుండా దూర ప్రయాణం పెట్టుకోకూడదు.

ఊటీ కొండ మీద పదిహేను గంటలు

విమానం లోపలి గాలి మన ఊరి గాలిలా ఉండదు. ఆకాశంలో ఎంత ఎత్తున ఎగిరినా లోపలి గాలి ఒత్తిడిని ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నట్టుగా నిలుపుతారు. ఊటీ ఎత్తు ఏడు వేల అడుగులు దాటుతుంది. అంటే పదిహేను గంటలు ఊటీ కొండ మీద కూర్చున్నట్టు. ఆరోగ్యవంతులకు తేడా తెలియదు. గుండె బలహీనంగా ఉన్నవారికి, ఆయాసం జబ్బు ఉన్నవారికి, రక్తం తక్కువ ఉన్నవారికి తెలుస్తుంది. హిమోగ్లోబిన్ 7.5 కన్నా తక్కువ ఉంటే ముందు దానికి చికిత్స చేయించుకోవాలి. గుండెపోటు వచ్చినవారు ఏ చిక్కూ లేకపోయినా కనీసం వారం పది రోజులు ఆగాలి. దూర ప్రయాణమైతే ఎంత ఆగాలో గుండె డాక్టరే చెప్పాలి. కంటి రెటీనాకు ఆపరేషన్ చేసి లోపల గ్యాసు నింపినవారు ఆ గ్యాసు కరిగిపోయే దాకా విమానం ఎక్కనే కూడదు. ఎత్తున ఆ గ్యాసు ఉబ్బి చూపు పోవచ్చు.

లోపలి గాలిలో తేమ కూడా చాలా తక్కువ. గొంతు, కళ్ళు ఎండుతాయి. మన ఆడవాళ్ళు బాత్రూముకు లేవాలని మొహమాటపడి నీళ్ళు తాగడం మానేస్తారు. అది మంచిది కాదు. నీళ్ళు తాగండి, లేచి వెళ్ళండి. ఆ నాలుగడుగులే కాళ్ళకు మందు.

గడియారం తిరగబడితే

డిచ్‌పల్లిలో కుష్ఠు రోగుల ఆసుపత్రిని స్థాపించిన డాక్టర్ ఇసాబెల్ కెర్ 1907లో మన నిజాం రాజ్యానికి వచ్చారు. ఆ రోజుల్లో మిషనరీలు ఇంగ్లండు నుంచి ఓడలో సుమారు మూడు వారాలు ప్రయాణం చేసేవారు. ఓడలో కష్టాలు చాలానే ఉండేవి. కాని పడుకోవడానికి చోటుండేది, డెక్కు మీద నడిచేవారు, గడియారాన్ని రోజుకు కొద్దికొద్దిగా మార్చుకునేవారు. ఒళ్ళు దారి పొడుగునా సర్దుకునేది. మనకు ఆ మూడు వారాలు మిగిలాయి, సర్దుకునే సమయం మాత్రం పోయింది.

షికాగో గడియారం మనకన్నా చలికాలంలో పదకొండున్నర గంటలు, ఎండాకాలంలో పదిన్నర గంటలు వెనుక. మనకు తెల్లవారితే వారికి రాత్రి. షుగరుకు ఇన్సులిన్ తీసుకునేవారు ఇక్కడ జాగ్రత్తగా వినాలి. పడమటికి వెళ్ళినప్పుడు ఆ రోజు పొడుగవుతుంది. తిరిగి వచ్చేటప్పుడు రోజు పొట్టిదవుతుంది. ఇక్కడి గడియారం చూసి ఒకసారి, అక్కడి గడియారం చూసి ఒకసారి సూది వేసుకుంటే షుగరు పడిపోవచ్చు. ఏ గంటకు ఎన్ని యూనిట్లో డాక్టరుగారి చేత కాగితం మీద రాయించుకోండి. వెళ్ళేటప్పటికి ఒకటి, వచ్చేటప్పటికి ఒకటి. ఇన్సులిన్‌ను చేతి సంచిలోనే ఉంచుకోండి, కింద వేసే పెట్టెలో పెడితే గడ్డకట్టి పాడయ్యే వీలుంది.

ఏ టికెట్టు మంచిది?

2021 జనవరి 15న ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి షికాగోకు నేరు విమానం మొదలుపెట్టింది. పదిహేడు గంటలకు దగ్గరగా ఎక్కడా ఆగని ప్రయాణం. అది తర్వాత ఆగిపోయింది. నేరు విమానం పెద్దలకు మేలని చాలామంది అంటారు. భాష రానివారికి, దారి తప్పుతామని భయపడేవారికి నిజంగా మేలే. కాని కాళ్ళ లెక్కలో చూస్తే మధ్యలో ఒకసారి దిగి నడవడం మంచిది.

నా అభిప్రాయం ఇది. అరవై దాటిన తల్లిదండ్రులకు ఒక్కచోట, మూడు నాలుగు గంటలు ఆగే టికెట్టు తీసుకోండి. గంటన్నరలో రెండో విమానం అందుకోవాలంటే గుండె జబ్బు ఉన్న మనిషి ఆ పెద్ద విమానాశ్రయంలో పరుగెత్తవలసి వస్తుంది. పన్నెండు, పద్నాలుగు గంటలు ఆగే టికెట్టు కొన్ని వేలు చవక. కాని ఆ గంటలన్నీ ఇనుప కుర్చీలో కూర్చునే గంటలే. రెండు చోట్ల దిగి మారే టికెట్టు ఇంకా చవక, పెద్దలకు ఇంకా కష్టం. ఆ మిగిలిన డబ్బు ఎవరి ఒంటి మీద మిగిలిందో పిల్లలు ఆలోచించాలి.

చక్రాల కుర్చీ సాయం టికెట్టు కొనేటప్పుడే అడగండి. అది సిగ్గుపడే విషయం కాదు. భాష రానివారికి దారి చూపే మనిషి కూడా దొరుకుతాడు. అయితే కుర్చీ తోసేవారు ఉన్నారు కదా అని ముప్పై గంటలూ కూర్చునే ఉండకండి. విమానంలో లేచి నడవాలి.

"ప్రార్థన చేసుకున్నాం కదా"

ఈ మాటలు చెబితే రెండు జవాబులు వస్తాయి. మొదటిది: "ఎంతమంది పోయి రావడం లేదు, ఏమవుతుంది?" నిజమే, చాలామందికి ఏమీ కాదు. కాని క్షేమంగా వచ్చినవారి ఒంటి సంగతి వారిది, మన బి.పి., మన షుగరు, మన గుండె సంగతి మనది. పక్కింటి వదినగారు వెళ్ళి వచ్చారన్నది మన రిపోర్టు కాదు.

రెండవది: "పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు, దేవుడే చూసుకుంటాడు." ప్రయాణానికి ముందు ఇంట్లో కూడి ప్రార్థన చేయడం మన సంఘాల మంచి ఆచారం. అది మానవద్దు. కాని మొదటి రాజుల గ్రంథం పందొమ్మిదవ అధ్యాయం ఒకసారి తెరిచి చూడండి. అలసి పడుకున్న ఏలీయాను దేవదూత రెండుసార్లు లేపి తినమన్నాడు. ముందున్న ప్రయాణం అతని శక్తికి మించినదని కారణం కూడా చెప్పాడు. దేవుడు తన ప్రవక్తను నేరుగా హోరేబుకు ఎత్తుకుపోలేదు. నిద్ర, రొట్టె, నీళ్ళు ఇచ్చి, ఒంటిని సిద్ధం చేసి పంపాడు. ఒంటి బలాన్ని లెక్కచూడటం అవిశ్వాసం కాదు.

పురుటి ప్రయాణాల్లో ఈ మాట మరీ అవసరం. బిడ్డ పుట్టే తేదీని బట్టి టికెట్టు తీస్తారు, వెళ్ళే అమ్మ ఆరోగ్యాన్ని ఎవరూ అడగరు. ఆమె కూడా చెప్పదు. కాళ్ళ వాపు, మెట్లెక్కితే ఆయాసం దాచుకుని "నేను బాగానే ఉన్నా బిడ్డా" అంటుంది. చెబితే వద్దంటారేమోనని భయం. డాక్టరు ఒక నెల ఆగమంటే ఆ నెల అత్తగారో, అక్కో సాయపడవచ్చు. అక్కడ తల్లి ఆసుపత్రి పాలైతే బాలింతకు ఇద్దరు రోగులవుతారు.

చేయవలసినవి

టికెట్టుకు ముందు: బి.పి., షుగరు, హిమోగ్లోబిన్ చూపించుకోండి. గుండె, ఊపిరితిత్తుల జబ్బులుంటే డాక్టరుగారికి ప్రయాణం మొత్తం గంటలు చెప్పండి, విమానం గంటలు మాత్రమే కాదు. మందుల అసలు పేర్లతో చీటీ ఇంగ్లీషులో రాయించుకోండి. గల్ఫ్ మీదుగా వెళ్ళేవారు నొప్పి మాత్రలు, నిద్ర మాత్రలు ఏవి అక్కడ అనుమతిస్తారో ముందే తెలుసుకోండి. మసాలా డబ్బాలో గసగసాలు పెట్టకండి, యు.ఏ.ఇ.లో అవి నిషిద్ధం.

ప్రయాణంలో: మందులన్నీ చేతి సంచిలో ఉండాలి. వదులు బట్టలు వేసుకోండి. గంటకొకసారి మడమలు పైకి కిందికి ఆడించండి, వీలైనప్పుడల్లా లేచి నడవండి. నిద్ర మాత్ర వేసుకుని కదలకుండా పడి ఉండకండి. ఎవరో చెప్పారని సొంతంగా ఆస్పిరిన్ వేసుకోకండి. కాళ్ళకు వేసే బిగుతు సాక్సులు డాక్టరు చెబితేనే, సరైన కొలతలో తీసుకోండి. రోడ్డు మీద వెళ్ళే గల్ఫ్ సోదరులు మేడ్చల్‌లోనో, తూప్రాన్‌లోనో, సిద్దిపేటలోనో టీకి ఆగినప్పుడు వ్యానులోనే కూర్చోకుండా దిగి పది నిమిషాలు నడవండి.

చేరిన తర్వాత: రెండు కాళ్ళూ కొద్దిగా వాచి ఒకటి రెండు రోజుల్లో తగ్గితే అది మామూలే. ఒక్క కాలు పిక్క మాత్రం వాచి, నొప్పి పెట్టి, వేడిగా ఉంటే ప్రయాణ బడలిక అనుకోకండి. నూనె రాసి పిసకకండి. అదే రోజు డాక్టరుకు చూపించండి. హఠాత్తుగా ఆయాసం, ఊపిరి పీలిస్తే ఛాతీలో నొప్పి, దగ్గులో రక్తం కనబడితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి చేరండి. మన దగ్గర 108కి ఫోన్ చేయండి. డాక్టరు అడగకపోయినా "నేను దూర ప్రయాణం చేసి వచ్చాను" అని చెప్పండి. ప్రయాణం అయిన తర్వాత కూడా సుమారు నాలుగు వారాల పాటు ఈ ప్రమాదం ఉంటుంది. చాలామందికి ఆ రెండింటికీ సంబంధం ఉందనే తోచదు.

విదేశాల్లో ఉన్న మన పిల్లలకు ఒక మనవి. మీరు పాతికేళ్ళ ఒంటితో చేసిన ప్రయాణాన్ని మీ నాన్న డెబ్బై ఏళ్ళ ఒంటితో చేస్తాడు. టికెట్టు నొక్కేముందు ఫోన్ చేసి "నాన్నా, ఎప్పుడు రాగలవు?" అని కాక "నాన్నా, డాక్టరుగారు ఏమన్నారు?" అని అడగండి. సంఘ పెద్దలకూ ఒక మనవి. ఎవరి ప్రయాణం కోసమైనా ప్రార్థన చేయమని చీటీ వస్తే, ప్రార్థనతో పాటు ఈ ప్రశ్న కూడా అడగండి. దూరం మన చేతిలో లేదు. ఎప్పుడు బయలుదేరాలో, ఏ దారిన పోవాలో, ఎంత సిద్ధపడి పోవాలో మన చేతిలో ఉంది.

ప్రయాణమై వెళ్ళే ప్రతి తల్లినీ తండ్రినీ ప్రభువు క్షేమంగా చేర్చి, క్షేమంగా తిరిగి తీసుకొనివచ్చునుగాక.